హవాయి చెప్పుల వాళ్లు విమానమెక్కారు సరే, నడిపేదెవరు?

2017 ఏప్రిల్ 27న సిమ్లా విమానాశ్రయంలో ప్రధాని నరేంద్ర మోదీ ఉడాన్ పథకం కింద తొలి విమానాలకు జెండా ఊపారు. ఆ రోజు మొదలైన సర్వీసుల్లో సిమ్లా–ఢిల్లీతో పాటు మన కడప–హైదరాబాద్ కూడా ఉంది. హవాయి చెప్పులేసుకునే సామాన్యుడు కూడా విమానమెక్కాలన్నదే తన కోరిక అని ప్రధాని చెప్పిన మాట అప్పట్లో దేశమంతా మార్మోగింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయల టికెట్, చిన్న ఊళ్లకు చిన్న విమానాలు. వినడానికి బాగానే ఉంది.

ఎనిమిదేళ్లు గడిచాయి. 2025 జూన్‌లో బెంగళూరులో ఒక ఎఫ్ఐఆర్ నమోదైంది. ఫిర్యాదు చేసింది ఒక పెద్ద ప్రైవేటు విమాన సంస్థలో శిక్షణలో ఉన్న దళిత పైలట్. గురుగ్రామ్ ఆఫీసులో జరిగిన సమావేశంలో పై అధికారులు తనను విమానం నడపడానికి పనికిరావన్నారని, వెళ్లి చెప్పులు కుట్టుకోమన్నారని ఆయన ఆరోపణ. సంస్థ ఆ ఆరోపణలను పూర్తిగా ఖండించింది. నిజమేంటో తేల్చాల్సింది దర్యాప్తు, కోర్టులు. కానీ ఈ రెండు సందర్భాల్లోనూ చెప్పులే ఉన్నాయి. ఒకచోట అవి ప్రయాణికుడి సీటు దాకా వచ్చాయి. ఇంకోచోట, ఆరోపణ నిజమైతే, కాక్‌పిట్ తలుపు దగ్గర మనిషిని వెనక్కి పంపడానికి పనికొచ్చాయి.

ప్రయాణికుడి సీటుకూ కాక్‌పిట్ సీటుకూ మధ్య దూరం ఎంత? ఎన్ని మెట్లు, ఒక్కో మెట్టు దగ్గర ఎవరు నిలబడి ఉంటారు, ఎంత అడుగుతారు? ఇంటర్ చదివే మన పిల్లలకూ, వాళ్ల తరఫున మాట్లాడే కార్యకర్తలకూ ఇది తెలియాలి.

లైసెన్సు దాకా దారి

పైలట్ ఉద్యోగానికి డిగ్రీ అక్కర్లేదు. కావాల్సింది కమర్షియల్ పైలట్ లైసెన్సు. దాన్ని అందరూ సీపీఎల్ అంటారు. ఇచ్చేది కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. కనీస వయసు 18 ఏళ్లు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలన్నది దశాబ్దాలుగా ఉన్న షరతు. దాన్ని తీసేయాలన్న ప్రతిపాదన 2025లో ముందుకొచ్చింది. ఇంటర్‌లో వేరే గ్రూపు చదివినవాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా ఈ రెండు సబ్జెక్టులూ రాసి అర్హత తెచ్చుకునే వీలుంది.

మొదట వైద్య పరీక్ష. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్-2, ఆ తర్వాత మరింత లోతైన క్లాస్-1. కళ్లద్దాలుంటే పైలట్ కాలేరన్నది అపోహ. అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. రంగులు గుర్తించలేకపోవడం మాత్రం పెద్ద అడ్డంకి. అందుకే ఈ పరీక్ష చేయించుకోకుండా ఏ ఫ్లయింగ్ స్కూలుకూ రూపాయి కూడా కట్టొద్దు. లక్షలు కట్టాక మెడికల్‌లో ఫెయిలైతే ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడం కష్టం.

తర్వాత రాత పరీక్షలు: ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు. ఒక్కో పేపర్‌లో 70 శాతం మార్కులు రావాలి. రేడియోలో మాట్లాడేందుకు విడిగా మరో పరీక్ష ఉంటుంది. ఈ పేపర్లన్నీ ఇంగ్లిష్‌లోనే. ఎంపీసీ బాగా చదివిన గురుకుల విద్యార్థికి వీటిలో అందనిదేమీ లేదు. ఇక్కడిదాకా ఇది చదువు మీద గెలిచే పందెమే.

ఆ తర్వాత గాల్లో గడపాల్సిన గంటలు. సీపీఎల్‌కు మొత్తం 200 గంటలు కావాలి. అందులో 100 గంటలు విమానం పూర్తిగా తన చేతిలోనే ఉండాలి. అందులోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే ప్రయాణాలు ఉండాలి. వాటిలో ఒకటి 300 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 555 కిలోమీటర్లకు తగ్గకూడదు. రాత్రి పూట నడపడం, బయటికి చూడకుండా పరికరాల మీదే ఆధారపడి నడపడం కూడా లెక్కలోకి వస్తాయి. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే రెండు ఇంజిన్ల విమానం నడిపే అర్హత, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా కలపాలి.

ఈ 200 గంటల దగ్గరే పందెం మారిపోతుంది. ఇక్కడి నుంచి గెలిపించేది తెలివి కాదు, తండ్రి ఆస్తి. ఎగిరే ప్రతి గంటకూ ఇంధనం, విమానం అద్దె, శిక్షకుడి ఫీజు కట్టాలి. మన దేశంలో సీపీఎల్ పూర్తి చేయడానికి ఇప్పుడు సుమారు 45 నుంచి 60 లక్షల రూపాయలవుతోంది. హాస్టల్, భోజనం, పరీక్ష ఫీజులు దీనికి అదనం. వాన, పొగమంచు వల్ల, లేదా విమానం రిపేరు వల్ల ఎగరడం ఆగిపోతే ఖర్చు ఆగదు. రోజులు మాత్రం కరిగిపోతాయి.

లైసెన్సు వచ్చినా ఉద్యోగం రాలేదు

2023లో డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. వాళ్లందరికీ వెంటనే కాక్‌పిట్ దొరకలేదు. ఎందుకంటే 200 గంటల సీపీఎల్‌తో వచ్చే పిల్లలు నడిపింది నాలుగు సీట్ల సెస్నా లాంటి చిన్న విమానాలు. ఎయిర్‌లైన్ నడిపే విమానం వేరు.

చిన్న ఊళ్లను కలిపే ప్రాంతీయ సంస్థలు ఎక్కువగా నడిపేది ఏటీఆర్-72. రెండు ప్రొపెల్లర్లు, 70 పైచిలుకు సీట్లు. ప్రభుత్వ రంగంలోని అలయన్స్ ఎయిర్, 2024లో గోవా కేంద్రంగా మొదలైన ఫ్లై91 నడిపేవి ఇవే. ఇండిగో దగ్గర కూడా ఏటీఆర్‌ల దండు ఉంది. స్టార్ ఎయిర్ ఎంబ్రేయర్ జెట్లు నడుపుతుంది. ఉడాన్ తొలి రోజున కడప నుంచి ఎగిరిన ట్రూజెట్ హైదరాబాద్ సంస్థే. అది 2022లో మూతపడింది. ప్రాంతీయ సంస్థ బతుకు ఎంత సన్నటి తాడు మీద నడకో అదే చెబుతుంది. ఆ తాడు తెగితే దాని మీదున్న కొత్త పైలట్ కూడా పడిపోతాడు.

ఒక్కో రకం విమానానికి ఒక్కో ప్రత్యేక అర్హత కావాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. ముందు ఆ విమానం గురించి తరగతి గది పాఠాలు, పరీక్ష. తర్వాత సిమ్యులేటర్. అచ్చం కాక్‌పిట్‌లా ఉండి, నిజంగా ఎగురుతున్నట్టే కదిలే యంత్రం ఇది. ఇంజిన్ ఆగిపోవడం, మంటలు, ఎదురుగాలి లాంటివన్నీ అందులో సృష్టించి చూస్తారు. చివర్లో ఎగ్జామినర్ ముందు పరీక్ష, ఆ తర్వాత నిజమైన విమానంతో ఖాళీగా టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు. దీని ఖర్చు సుమారు 15 నుంచి 20 లక్షలు. ఒకప్పుడు ఉద్యోగమిచ్చిన సంస్థే ఈ శిక్షణ ఇప్పించేది. ఇప్పుడు చాలా చోట్ల అభ్యర్థే సొంత డబ్బుతో పూర్తి చేసుకుని రావాలి. లేదా సంస్థ పెట్టిన ఖర్చుకు ఏళ్ల తరబడి బాండ్ రాసివ్వాలి.

ఎంపిక కూడా అంచెలంచెలుగా ఉంటుంది. రాత పరీక్ష, కంప్యూటర్ మీద చేతికీ కంటికీ సమన్వయం చూసే పరీక్షలు, మనస్తత్వ పరీక్ష, గ్రూప్ టాస్క్, ఇంటర్వ్యూ, కొన్నిచోట్ల సిమ్యులేటర్‌లో చెక్.

దీనికి దగ్గరి దారి ఒకటుంది. దాని పేరు క్యాడెట్ ప్రోగ్రామ్. ఇంటర్ అయ్యాక సంస్థే ఎంపిక చేసి, తన భాగస్వామి ఫ్లయింగ్ స్కూలుకు పంపి, టైప్ రేటింగ్ దాకా నడిపించి, నిబంధనలకు లోబడి ఉద్యోగమిస్తుంది. భద్రమైన దారి. కాకపోతే కుటుంబం కోటి రూపాయలకు అటూ ఇటూగా సర్దగలగాలి. ఎంపిక పరీక్ష అందరికీ ఒకటే అంటారు. నిజమే. కానీ కోటి రూపాయలు ఎక్కడ తేవాలో ముందే తెలిసిన ఇంటి పిల్లలే ఆ పరీక్షకు దరఖాస్తు పెడతారు.

శిక్షకుడి కలం

ఉద్యోగంలో చేరాక కూడా కొత్త పైలట్ వెంటనే పూర్తిస్థాయి కో-పైలట్ కాడు. ప్రయాణికులున్న విమానంలో శిక్షణ కెప్టెన్ పక్కన కూర్చుని నడపాలి. దీన్ని లైన్ ట్రైనింగ్ అంటారు. ప్రతి ట్రిప్పు తర్వాతా ఆ కెప్టెన్ మార్కులు, వ్యాఖ్యలు రాస్తారు. చెక్‌లో నెగ్గితే కో-పైలట్‌గా విడుదల. తేడా వస్తే మళ్లీ శిక్షణ. మళ్లీ తేడా వస్తే ఉద్యోగానికే ముప్పు. కెప్టెన్ కావడానికి 1,500 గంటల అనుభవం, ఏటీపీఎల్ అనే పెద్ద లైసెన్సు కావాలి. ప్రాంతీయ విమానాల్లో దూరాలు తక్కువ, రోజుకు ట్రిప్పులు ఎక్కువ. అందుకే కొత్తవాళ్లకు చేయి తిరగడానికి ఇవి మంచి బడి.

భద్రత కోసం ఈ కఠినత్వం ఉండాల్సిందే. విమానంలో కూర్చునే మన అమ్మానాన్నల ప్రాణాలు కూడా ఆ చేతుల్లోనే ఉంటాయి. పరీక్ష తేలిక చేయమని ఎవరూ అడగడం లేదు. అయితే ఒక మాట చెప్పుకోవాలి. ల్యాండింగ్ ఎంత గట్టిగా తగిలిందో, వేగం ఎంత దాటిందో విమానంలోని యంత్రం రికార్డు చేస్తుంది. ఆత్మవిశ్వాసం లేదు, వైఖరి బాగోలేదు, కాక్‌పిట్‌లో కలవలేకపోతున్నాడు అన్న వ్యాఖ్యలను మాత్రం మనిషి రాస్తాడు. కులం దూరడానికి చోటు దొరికేది ఈ రెండో రకం వ్యాఖ్యల్లోనే. యాస, ఇంటిపేరు, తండ్రి చేసే పని, ఇంగ్లిష్ పలికే తీరు ఏవీ సిమ్యులేటర్‌కు తెలియవు. పక్క సీట్లో కూర్చున్న మనిషికి తెలుస్తాయి. యూనివర్సిటీ వైవాల్లో, ఇంటర్నల్ మార్కుల్లో మన విద్యార్థులు చూసిందే ఇది. చోటు మాత్రమే వేరు.

అందుకే శిక్షణలో ఉన్నవాళ్లు ప్రతి అసెస్‌మెంట్ నకలు తీసి దాచుకోవాలి. అదనపు శిక్షణ వేస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. అవమానం జరిగితే తేదీ, చోటు, అక్కడున్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద అవమానం, కులం పేరుతో దూషణ నేరం కావాలంటే అది బయటివారి కళ్ల ముందు జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటి సాక్షులెవరూ లేకుండా జరిగితే ఈ సెక్షన్ నిలవదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూసిన గదిలో జరిగే సమావేశాల్లో ఎవరెవరున్నారో రాసుకోవడం అందుకే ముఖ్యం. ఘటన ఎక్కడ జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణతో వచ్చిన సెక్షన్ 18ఏ చెబుతోంది.

రిజర్వేషన్ ఎక్కడ ఆగిపోతుంది?

కేంద్ర ప్రభుత్వం 1985లో ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీని పెట్టింది. దేశంలో పేరున్న పైలట్ బడి అదే. అక్కడ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లున్నాయి. కానీ ఫీజు 45 లక్షలకు పైనే. సీటు రిజర్వేషన్ ఇస్తుంది, ఫీజు కుటుంబమే కట్టుకోవాలి. ఏడాదికి రెండున్నర లక్షల ఆదాయం దాటని కుటుంబాలకే కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. అలాంటి కుటుంబం తినకుండా, తాగకుండా ప్రతి రూపాయీ దాచినా, సీపీఎల్‌కూ టైప్ రేటింగ్‌కూ కలిపి 70 లక్షలు కూడబెట్టడానికి 28 ఏళ్లు పడుతుంది.

అప్పు తెచ్చుకోవచ్చు కదా అంటారు. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి. మనలో చాలా మందికి ఉన్న ఆస్తి అసైన్డ్ భూమి పట్టా, ఇందిరమ్మ ఇల్లు. వాటిని చూసి 50 లక్షలిచ్చే బ్యాంకు దొరకడం కష్టం.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎస్సీ విద్యార్థులకు టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. పైలట్ శిక్షణ కూడా అందులో ఉందని చాలా మందికి తెలియదు. అయితే ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బుల్లో చేరితే ఏడాదికి 3.72 లక్షలే పరిమితి. రెండేళ్లకు ఏడున్నర లక్షలు కూడా రావు. ప్రభుత్వ సంస్థలకు ఆ పరిమితి లేదు. అందుకే ఏ సంస్థ ఆ పథకం జాబితాలో ఉందో చూసుకుని, వీలైతే ప్రభుత్వ సంస్థనే ఎంచుకోవాలి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలిస్తుంది కానీ అది విదేశీ పీజీ, పీహెచ్‌డీలకే. విదేశాల్లో పైలట్ లైసెన్సుకు అది వర్తించదు.

ఇక ఉద్యోగం. ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా ప్రభుత్వ రంగంలో ఉన్నప్పుడు పైలట్ పోస్టుల్లో రిజర్వేషన్ ఉండేది. హైదరాబాద్ ఫిరోజ్‌గూడలోని వాళ్ల శిక్షణ కేంద్రం ఎన్నో బ్యాచ్‌ల సిబ్బందిని తయారు చేసింది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటాల చేతికెళ్లింది. ఆ రోజుతో అక్కడి కొత్త నియామకాల్లో రిజర్వేషన్ బాధ్యత పోయింది. అమ్మకంలో చేరకుండా ప్రభుత్వం దగ్గర మిగిలింది అలయన్స్ ఎయిర్. ప్రాంతీయ విమానయానంలో రాజ్యాంగం ఇంకా పనిచేసే చోటు అదొక్కటే అనుకోవచ్చు. అది కూడా అమ్మకం జాబితాలోకి వెళ్లకుండా చూసుకోవడం మన పనుల్లో ఒకటి.

ప్రజల డబ్బుతో ఎగిరే విమానం

ప్రైవేటు సంస్థను మనం ఏం అడగగలం అనుకోవద్దు. ఉడాన్ రూట్లలో విమానం నడిపే ఖర్చుకూ వచ్చే ఆదాయానికీ మధ్య ఉండే లోటును వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో ప్రభుత్వం భర్తీ చేస్తుంది. అందులో సాధారణంగా 20 శాతం రాష్ట్రం వాటా. రాష్ట్రాలు ఆ విమానాశ్రయాలకు పోలీసు, అగ్నిమాపక సేవలు ఉచితంగా ఇస్తాయి. విమాన ఇంధనం మీద వ్యాట్ ఒక శాతానికి తగ్గిస్తాయి. 2021లో తెరిచిన కర్నూలు ఓర్వకల్లు విమానాశ్రయం రాష్ట్ర ప్రభుత్వ భూమిలో, రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతో కట్టింది. కూలి పనికి పోయే మనిషి కొనే అగ్గిపెట్టె మీద పన్ను కూడా ఆ విమానంలో ఉంది. ప్రజల సొమ్ము తీసుకునే సంస్థ ప్రజల పిల్లల్లో కొందరికైనా శిక్షణ ఇవ్వాలని ఒప్పందంలో రాయించడం అసాధ్యమేమీ కాదు.

రాష్ట్రాలు తలుచుకుంటే దారి ఉందని కేరళ చూపించింది. అక్కడి ప్రభుత్వం ‘వింగ్స్’ పథకం కింద తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ విమానయాన అకాడమీలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పైలట్ శిక్షణ ఖర్చు భరించింది. మన దగ్గర బేగంపేటలో రాష్ట్ర ప్రభుత్వ ఏవియేషన్ అకాడమీ ఉంది. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికకు 2013 నాటి చట్టం ఉంది. తెలంగాణలో దాని స్థానంలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఏటా పది మంది పిల్లలకు టైప్ రేటింగ్‌తో సహా 70 లక్షల చొప్పున ఇస్తే అయ్యేది 7 కోట్లు. ఆ నిధులను రోడ్లకు, రింగు రోడ్లకు మళ్లించారని మనమే ఎన్నోసార్లు ధర్నాలు చేశాం. ఇకపై ఆ డబ్బు ఎక్కడికి రావాలో కూడా చెబుదాం.

అడగాల్సినవి నాలుగు. ఒకటి, లైసెన్సుతో ఆపకుండా టైప్ రేటింగ్ దాకా పూర్తి ఖర్చు. సగం దారిలో వదిలేస్తే మిగిలేది అప్పు, గోడకు వేలాడే సర్టిఫికెట్. రెండు, టాప్ క్లాస్ పథకంలో 3.72 లక్షల పరిమితిని నిజమైన ఫీజుకు పెంచడం. మూడు, ఉడాన్ సబ్సిడీ తీసుకునే సంస్థల్లో శిక్షణ సీట్లు, కులవివక్ష ఫిర్యాదులు వినే స్వతంత్ర కమిటీ. నాలుగు, లెక్కలు. మహిళా పైలట్లు సుమారు 15 శాతమని ప్రభుత్వం పార్లమెంటులో గర్వంగా చెబుతుంది. అదే గొంతుతో ఎస్సీ, ఎస్టీ పైలట్లు ఎందరో కూడా చెప్పమందాం. ఉడాన్ అకాడమీ, అలయన్స్ ఎయిర్ రెండూ సమాచార హక్కు చట్టం పరిధిలోనివే. ఎన్ని రిజర్వుడు సీట్లు నిండాయి, ఎందరు మధ్యలో మానేశారు, ఎన్ని బ్యాక్‌లాగ్ పోస్టులున్నాయి అని పది రూపాయల దరఖాస్తుతో ఏ విద్యార్థి సంఘమైనా అడగొచ్చు.

2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలిద్దరు, మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్, ఎవరెస్ట్ ఎక్కారు. ఒకరు లంబాడా బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. శిక్షణ, సామాన్లు, షెర్పాలు అన్నిటికీ ప్రభుత్వమే ఖర్చు పెట్టింది. ఎవరెస్ట్ ఎత్తు 29,000 అడుగుల పైనే. ఏటీఆర్-72 ఎగరగల గరిష్ఠ ఎత్తు 25,000 అడుగులు. ఆ విమానం ఎప్పటికీ చేరలేని ఎత్తులో మన పిల్లలు కాళ్ల మీద నిలబడి వచ్చారు. వాళ్లకు ఎత్తులు కొత్త కాదు. ఖర్చు ఎవరు పెడతారన్నదే తేలాలి.